కంబోడియా వెళ్లే ముందు ఆ రాజ్యాన్ని పరిచయం చేసుకోవడం ఎలా?

కంబోడియా వెళ్లే తెలుగువారికి ఒక సౌకర్యం ఉంది, చిక్కు కూడా అందులోనే ఉంది. అక్కడి గోడల మీద భీష్ముడు అంపశయ్యపై కనిపిస్తాడు. ఆనాటి రాజుల పేర్ల చివర వర్మ ఉంటుంది. వాసుకిని చెరోవైపు పట్టుకుని లాగుతున్న దేవతలనూ రాక్షసులనూ చూడగానే పోల్చుకుంటాం. ఇదంతా మనదే కదా, ప్రత్యేకంగా చదవడానికేముంది అనుకుని విమానం ఎక్కేస్తాం. తీరా అక్కడికి వెళ్లాక చీకటితో లేచి ఆంగ్కోర్ వాట్ ముందు ఒక ఫొటో దిగి, మధ్యాహ్నానికల్లా ‘రాళ్లు చూసి చూసి అలసిపోయాం’ అంటాం.

కథలు మనకు తెలిసినవే. వాటిని చెక్కించిన రాజులు, చెక్కిన చేతులు, చెప్పిన తీరు మాత్రం ఖ్మేర్లవి, అంటే కంబోడియా ప్రజలవి. ఏ భారతీయ రాజూ దండెత్తి ఆ నేలను గెలవలేదు. వర్తకులతో, బ్రాహ్మణులతో, భిక్షువులతో పాటు సంస్కృతమూ లిపీ దేవతలూ సముద్రం దాటి వెళ్లాయి. వాటిలో ఏది ఉంచుకోవాలో, ఏది మార్చుకోవాలో అక్కడివారే తేల్చుకున్నారు. ఈ సంగతి మనసులో పెట్టుకుని, ప్రయాణానికి ఒకటి రెండు నెలల ముందు నుంచి తీరికవేళల్లో కింది పనులు ఒక్కొక్కటే చేసుకోండి.

మొదటి పని: మ్యాపు తెరిచి సరస్సును వెతకండి

దేశం విస్తీర్ణం 1.81 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే ఆంధ్రప్రదేశ్ కంటే కొంచెం పెద్దది. జనాభా సుమారు 1.7 కోట్లు. ఆంగ్కోర్ గుడులకు ఆనుకుని ఉన్న సియెం రీప్ పట్టణం ఇంచుమించు తిరుపతి అక్షాంశం మీదే ఉంది. కాబట్టి ‘విదేశం కదా, చల్లగా ఉంటుందేమో’ అన్న ఆశ వద్దు. అక్కడి ఏప్రిల్ మన ఏప్రిలే.

మ్యాపు నడిమధ్యలో పొడవాటి నీలిమచ్చ ఒకటి కనిపిస్తుంది. అది టోన్లే సాప్ సరస్సు. దాన్ని అర్థం చేసుకుంటే దేశంలో సగం అర్థమైనట్టే. సరస్సు నుంచి అదే పేరుతో ఒక నది బయలుదేరి రాజధాని నోంపెన్ దగ్గర మెకాంగ్‌లో కలుస్తుంది. వానాకాలంలో మెకాంగ్ మట్టం సరస్సు మట్టాన్ని మించిపోయేసరికి ఈ నది వెనక్కి తిరిగి, వచ్చిన దారినే సరస్సులోకి పారుతుంది. ఎండాకాలంలో సుమారు 2,500 చదరపు కిలోమీటర్లు ఉండే సరస్సు వానాకాలం చివరికి నాలుగైదు రెట్లవుతుంది. చుట్టూ ఉన్న అడవి మునుగుతుంది, మునిగిన చెట్ల మధ్య చేపలు గుడ్లు పెడతాయి. వాన తగ్గాక నీరు మళ్లీ మెకాంగ్ వైపు మళ్లుతుంది. వెనక్కి తగ్గిన నీటి వెనకే ఒండ్రు, ఆ ఒండ్రులో వరి. ఆంగ్కోర్‌లో అంత పెద్ద రాజధాని నిలబడిందంటే దాని వెనక ఈ చేపలూ ఈ వరే ఉన్నాయి.

నది మళ్లీ ముందుకు పారే వేళ, నవంబరు ప్రాంతంలో వచ్చే పున్నమికి నోంపెన్‌లో పడవ పందేలతో జల ఉత్సవం జరుపుకుంటారు. అది సాధారణంగా మన కార్తీక పౌర్ణమే. ఆ మూడు రోజులూ రాజధానిలో గదులు దొరకడం కష్టం, నది ఒడ్డున ఇసుక వేస్తే రాలనంత జనం. పిల్లలతో వెళ్లేవారు ఆ తేదీలు చూసుకుని నిర్ణయించుకోండి.

ఇక నెల ఎంచుకోవడం. డిసెంబరు, జనవరిలో హాయిగా ఉంటుంది, కానీ లోకమంతా అప్పుడే వస్తుంది. మార్చి, ఏప్రిల్లో రాతి మెట్లు అరికాళ్లను కాల్చేస్తాయి. పైగా ఏప్రిల్ 13, 14 ప్రాంతంలో ఖ్మేర్ల కొత్త సంవత్సరం, ఊళ్లకు ఊళ్లే సొంత పల్లెలకు తరలిపోతాయి. నన్నడిగితే అక్టోబరు చివరి వారం నుంచి నవంబరు నెలాఖరు దాకా మంచి కాలం. కందకాలు నిండుగా ఉంటాయి, రాళ్ల మీద నాచు పచ్చగా ఉంటుంది, సరస్సు ఊళ్లలోకి పడవ వెళుతుంది. కాంపాంగ్ ప్లుక్ అనే ఊళ్లో ఇళ్లన్నీ పొడవాటి గుంజల మీద నిలబడి ఉంటాయి. నవంబరులో గడప దగ్గరికి నీరు, ఏప్రిల్లో అదే ఇంటికి ఎండిన నేల మీద నుంచి నిచ్చెన. ‘తేలే ఊరు చూపిస్తాం’ అని మార్చిలో ఎవరైనా డబ్బు అడిగితే, నీరెక్కడుందో ముందు అడగండి.

సెప్టెంబరు, అక్టోబరుల్లో పడే ప్చుం బెన్ గురించి కూడా తెలుసుకోండి. మన మహాలయ పక్షంలాగే భాద్రపద బహుళంలో, పదిహేను రోజుల పాటు, పితృదేవతల కోసం అన్నపు ముద్దలు పెడతారు. తెల్లవారకముందే పగోడాల చుట్టూ తిరుగుతూ చీకట్లోకి ఆ ముద్దలు విసురుతారు. చివరి మూడు రోజులు దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి. చూడదగిన పండుగే, కాకపోతే కెమెరా బయటికి తీసే ముందు పక్కవారిని ఒక మాట అడగండి.

రెండో పని: రాజు ఎవరో తెలుసుకోండి

ఇది ఒక పూటలో అయిపోయే పని. కంబోడియా రాజ్యాంగబద్ధమైన రాచరికం. 1863 నుంచి ఫ్రెంచివారి రక్షణలో ఉండి, 1953 నవంబరు 9న స్వతంత్రమైంది. 1970లో రాచరికం పోయింది, 1993లో తిరిగి వచ్చింది. ఇప్పటి రాజు నొరొడోమ్ సిహమొని 2004 నుంచి సింహాసనం మీద ఉన్నారు. ప్రాగ్‌లో చదువుకున్నారు, పారిస్‌లో నాట్యం నేర్పారు. సింహాసనం తండ్రి నుంచి కొడుక్కి నేరుగా దక్కదు. రాజవంశీకుల్లోంచి ఒకరిని సింహాసన మండలి ఎన్నుకుంటుంది. పాలన పగ్గాలు ప్రధానమంత్రి చేతిలో ఉంటాయి. 1985 నుంచి ఆ పదవిలో పాతుకుపోయిన హున్ సేన్ 2023లో దాన్ని తన కొడుకు హున్ మనెట్‌కు అప్పగించారు.

రాజును అవమానించడం 2018 నుంచి అక్కడ నేరం. టాక్సీ ఎక్కి రాజకీయాలు మాట్లాడే మన అలవాటును విమానాశ్రయంలోనే వదిలేయండి.

మూడో పని: చరిత్రను రెండు ముక్కలుగా చదవండి

మొదటి ముక్కకు నలుగురు రాజులు చాలు. పుస్తకం అక్కర్లేదు, ఈ నాలుగు పేర్లు ఒక కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. 802లో కూలెన్ కొండ మీద తనను తాను చక్రవర్తిగా ప్రకటించుకున్న రెండో జయవర్మ. రాజధానిని ఇప్పటి ఆంగ్కోర్‌కు తెచ్చిన యశోవర్మ. 12వ శతాబ్దంలో ఆంగ్కోర్ వాట్ కట్టించిన రెండో సూర్యవర్మ. 1177లో పొరుగు రాజ్యమైన చంపా సైన్యం రాజధానిని దోచుకున్నాక రాజ్యాన్ని నిలబెట్టి, 1181లో పట్టాభిషేకం చేసుకున్న ఏడో జయవర్మ. సూర్యవర్మది విష్ణుభక్తి, ఏడో జయవర్మది మహాయాన బౌద్ధం. ఇప్పటి జనం ఆచరించేది థేరవాద బౌద్ధం. ఒకే గుళ్లో ఈ మూడు పొరలూ కనబడుతుంటాయి. ఆంగ్కోర్ వాట్ పడమటి గోపురంలో ఎనిమిది చేతుల విష్ణువు కాషాయం కట్టుకుని ఈనాటికీ పూజలందుకుంటున్నాడు, ఆ ముందు అగరొత్తులు వెలిగించేవారు బౌద్ధులు.

శాసనాల్లో కాలాన్ని శక సంవత్సరాల్లో రాశారు. మన పంచాంగాల్లో ఉండే శాలివాహన శకమే అది, 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. మెకాంగ్ ఒడ్డున సంబోర్‌లో దొరికిన ఒక రాతి మీద శకం 605 అని ఉంది, అంటే 683. నడుమనున్న సున్నాను ఒక చుక్కగా చెక్కారు. స్థానవిలువతో రాసిన సున్నాల్లో తేదీ స్పష్టంగా తెలిసిన అతి పాతవాటిలో అదొకటి.

రెండో ముక్క చదవడం కష్టం, కానీ వదిలిపెట్టకండి. 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు తిరుగుబాటు సేనలు నోంపెన్‌లోకి వచ్చి, నగరం నగరాన్నే ఖాళీ చేయించాయి. 1979 జనవరి 7న వియత్నాం సేనల రాకతో ఆ పాలన ముగిసేలోగా దేశ జనాభాలో దాదాపు నాలుగో వంతు మంది ఆకలితో, రోగంతో, వెట్టిచాకిరితో, హత్యలతో చనిపోయారు. డబ్బును రద్దు చేశారు, బడులు మూసేశారు, భిక్షువుల కాషాయం ఊడదీశారు. టోల్ స్లెంగ్ అనేది నోంపెన్‌లో ఒక ఉన్నత పాఠశాల, దాన్ని చిత్రహింసల జైలుగా మార్చారు. నగరం బయట చోయుంగ్ ఎక్ దగ్గర సామూహిక సమాధులు ఉన్నాయి. ఈ రెండూ 2025లో యునెస్కో జాబితాలో చేరాయి.

ఇదంతా ముందే ఎందుకు చదవాలి? మీ హోటల్లో గదులు ఊడ్చే యాభై ఐదేళ్ల మనిషి ఆ రోజుల్లో పసిపిల్ల. ‘మీ ఇంట్లో ఎవరైనా పోయారా?’ అని ఆమెను అడగాల్సిన అవసరం అప్పుడు మీకు రాదు. వారంతట వారు చెబితే వినండి. టోల్ స్లెంగ్‌కు వెళితే గట్టిగా మాట్లాడకండి, సెల్ఫీలు దిగకండి. పన్నెండేళ్లలోపు పిల్లలను అక్కడికి తీసుకెళ్లకపోవడమే మేలని నా అభిప్రాయం.

మందుపాతర్లు కూడా ఆ యుద్ధాల మిగులే. ఆంగ్కోర్ ప్రధాన ప్రాంతాన్ని శుభ్రం చేశారు. మారుమూల గుడుల దగ్గర, ముఖ్యంగా వాయవ్య జిల్లాల్లో, నడకదారి దిగి పొదల్లోకి వెళ్లకండి.

నాలుగో పని: గోడను చదవడం ఇంట్లోనే నేర్చుకోండి

నా మటుకు నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇది. ఎక్కువ సమయం దీనికే కేటాయించండి.

ఆంగ్కోర్ వాట్ పడమటి ముఖంగా ఉంటుంది. లోపలి వసారా గోడల మీద వందల మీటర్ల పొడవున శిల్పం ఉంది. పడమటి వాకిలి నుంచి వెళ్లి కుడివైపు తిరిగి నడక మొదలుపెట్టాలి, అంటే గుడి మీ ఎడమచేతి వైపు ఉంటుంది. మన ప్రదక్షిణకు ఇది ఎదురు. పితృకార్యాల్లో అపసవ్యంగా తిరగడం మనకు తెలుసు కదా. పడమటి ముఖాన్నీ ఈ అపసవ్యపు వరసనూ కలిపి చూసి, ఇది సూర్యవర్మ చనిపోయాక ఆయన కోసం ఉద్దేశించిన గుడి కూడా అయి ఉండాలని కొందరు పండితులు అంటారు. మరణానంతరం ఆయనకు పెట్టిన పేరు పరమవిష్ణులోక.

మొదటి గోడ కురుక్షేత్రం. ఎడమ నుంచి కౌరవులు, కుడి నుంచి పాండవులు, నడుమ తొక్కిసలాట. కౌరవుల వైపు భీష్ముడు బాణాల మీద ఒరిగి ఉంటాడు. అదే పడమటి వసారాలో ఉత్తరపు సగం మీద లంకా యుద్ధం ఉంది. అక్కడ రాముడు హనుమంతుడి భుజాల మీద నిలబడి బాణం వేస్తుంటాడు. పది తలల రావణుడి కోసం వెతకండి, తలలన్నీ ఒకే వరసలో ఉంటాయనుకోకండి, ఒకదాని మీద ఒకటి అంతస్తులుగా పేర్చి ఉంటాయి.

దక్షిణపు గోడ మీద సూర్యవర్మ స్వయంగా కనిపిస్తాడు. ఆ ఊరేగింపులో ఎవరు పెద్దో తేల్చుకోవడానికి ఒక కిటుకు ఉంది: ఎవరి తల మీద గొడుగులు ఎక్కువో లెక్కపెట్టండి. దాని తరవాత యముడి తీర్పు, పైన స్వర్గాలు, కింద 32 నరకాలు. ఏ నరకం ఏ పాపానికో చెప్పే చిన్న చిన్న రాతలు అక్కడ ఉన్నాయి. గరుడపురాణం విన్నవారికి ఈ గోడ దగ్గర గైడు అక్కర్లేదు.

తూర్పు గోడ మీద క్షీరసాగర మథనం. దాదాపు 49 మీటర్ల పొడవున ఒకే దృశ్యం. అందరూ నడుమ ఉన్న విష్ణువునూ కూర్మాన్నీ చూసి ముందుకు సాగిపోతారు. మీరు మాత్రం మందరగిరి మొదటికి వంగి చూడండి. సముద్రంలో ఉన్న చేపలు, మొసళ్లు కవ్వానికి దగ్గరయ్యేకొద్దీ రెండు ముక్కలుగా, మూడు ముక్కలుగా తెగిపోతుంటాయి. సుడి వేగం ఎంతో చెప్పడానికి ఆ శిల్పి ఎంచుకున్న దారి అది. చేపల సరస్సు ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి ఊహ అని నాకనిపిస్తుంది.

బాయన్ గుడికి వెళితే అందరూ తలెత్తి రాతి ముఖాలను చూస్తారు. అవి ఎలాగూ కనిపిస్తాయి. కింది వసారా గోడ దగ్గర తీరిగ్గా నిలబడండి: కోడిపందెం, వంటపొయ్యి, ప్రసవం, చేపలు తూచే బేరగత్తె. 1296లో వచ్చి ఏడాది పాటు ఇక్కడ ఉన్న చైనా రాయబారి జౌ దాగువాన్, వ్యాపారమంతా ఆడవాళ్ల చేతుల్లోనే ఉందని రాశాడు. సియెం రీప్ పాత బజారులో ఇప్పుడు తిరిగినా ఆ మాట గుర్తొస్తుంది.

ఇక దుర్యోధనుడి సంగతి. ఆంగ్కోర్‌కు ఈశాన్యంగా కో కెర్ అనే ఊరు ఉంది. 10వ శతాబ్దంలో కొద్దికాలం రాజధాని. అక్కడ ఒక గుళ్లో భీమ దుర్యోధనుల గదాయుద్ధాన్ని గోడ మీద చెక్కకుండా, నిలువెత్తు విగ్రహాలుగా మలిచి నేల మీద నిలిపారు. గదతో ఎగరబోతున్న దుర్యోధనుడు, ఎదురుగా భీముడు, చుట్టూ చూస్తున్న బలరాముడూ పాండవులూ. 1970ల అంతర్యుద్ధంలో దొంగలు వాటిని చీలమండల దగ్గర నరికి పట్టుకుపోయారు. పీఠాల మీద పాదాలు మాత్రం మిగిలాయి. దశాబ్దాల తరవాత అమెరికాలో వేలానికి వచ్చిన విగ్రహానికి పాదాలు లేకపోవడం, ఇక్కడి పీఠం మీద ఉన్న పాదాలు దానికి సరిపోవడంతో గుట్టు బయటపడింది. 2014లో దుర్యోధనుడు, అదే ఏడాది ఒక మ్యూజియం నుంచి భీముడు కంబోడియాకు తిరిగి వచ్చారు. నోంపెన్ జాతీయ మ్యూజియంలో వారి ముందు నిలబడి చీలమండల కేసి చూడండి. ఆ తరవాత ఎవరైనా బజారులో ‘పాత విగ్రహం, చవగ్గా ఇస్తాం’ అంటే మీ చేయి జేబులోకి పోదు. పోయినా, పురావస్తువులను దేశం దాటించడం నేరం. ఫ్రెంచి రచయిత ఆంద్రే మాల్రో 1923లో బాంతేయ్ శ్రేయ్ గుడి శిల్పాలను పెకలించి పట్టుబడ్డాడు. అదే మనిషి తరవాతి కాలంలో ఫ్రాన్సుకు సాంస్కృతిక మంత్రి అయ్యాడు!

మన పురావస్తు శాఖకూ ఈ రాళ్లతో చుట్టరికం ఉంది. 1986 నుంచి 1993 దాకా ఆంగ్కోర్ వాట్‌లో మరమ్మతులు చేసింది, తరవాత చెట్ల వేళ్లు చుట్టుకున్న తా ప్రోమ్‌లోనూ పనిచేసింది. ఆంగ్కోర్ వాట్‌లో రాయిని రసాయనాలతో కడిగిన పద్ధతి మీద విమర్శలూ వచ్చాయి.

అయిదో పని: పలకరింపు, అంకెలు, అక్షరాలు

ఖ్మేర్ లిపి పల్లవుల కాలపు దక్షిణాది లిపి నుంచి పుట్టింది. కాసేపు చూస్తే తెలుగు చదివే కంటికి కొన్ని పోలికలు దొరుకుతాయి: చాలా అక్షరాల నెత్తిన తలకట్టు లాంటి గీత, జంటాక్షరాలకు కింద వత్తులు. చదవడం రాకపోయినా బోర్డుల మీద వత్తులు గుర్తుపట్టడం సరదాగా ఉంటుంది.

నమస్కారాన్ని సంపియా అంటారు. ఎంత పెద్దవారికి పెడుతున్నామన్నదాన్ని బట్టి చేతుల ఎత్తు మారుతుంది: ఈడువారికి రొమ్ము దగ్గర, పెద్దలకు నోటి దగ్గర, తల్లిదండ్రులకూ గురువులకూ ముక్కు దగ్గర, భిక్షువులకూ రాజుకూ కనుబొమల దగ్గర, దేవుడికి నుదుటి దగ్గర. మీరు అంత లెక్క వేసుకోనక్కర్లేదు, కొద్దిగా తల వంచి గడ్డం దగ్గర చేతులు జోడిస్తే సరిపోతుంది. ‘సువస్తెయ్’ అంటే పలకరింపు, ‘ఒర్కున్’ అంటే కృతజ్ఞత. మనలాగే వాళ్లూ కొత్తవారిని వరస పెట్టి పిలుస్తారు. మీకంటే కాస్త పెద్దయిన ఆటోవాలాను, హోటల్లో వడ్డించే అమ్మాయిని ‘బాంగ్’ అనండి, అన్నకూ అక్కకూ అదే మాట. ముసలామె అయితే ‘యియెయ్’, ముసలాయన అయితే ‘తా’.

అంకెలు నేర్చుకోవడం బేరానికి పనికొస్తుంది. మువోయ్, పీ, బేయ్, బువాన్, ప్రామ్. అయిదు దాకా వస్తే తొమ్మిది దాకా వచ్చినట్టే, ఎందుకంటే ఆరు అంటే ‘ప్రామ్ మువోయ్’, అంటే అయిదూ ఒకటి.

గుళ్లోకి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి. శాలువా కప్పుకుంటే చాలదని ఆంగ్కోర్ వాట్ పైఅంతస్తు దగ్గర వెనక్కి పంపుతారు, చేతులున్న చొక్కానే వేసుకోండి. ఎవరి తలా తాకకండి, పిల్లలదైనా సరే. బుద్ధుడి వైపు కాళ్లు చాపి కూర్చోకండి. ఆడవారు భిక్షువులను తాకకూడదు, చేతికి ఏదీ నేరుగా అందించకూడదు. అనాథాశ్రమాల సందర్శన పేరుతో ఎవరైనా తీసుకెళ్తామంటే వద్దనండి. అక్కడున్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో ఉన్నారని, యాత్రికుల విరాళాల కోసమే వారిని అక్కడ ఉంచుతున్నారని యునిసెఫ్ ఎన్నోసార్లు హెచ్చరించింది.

ఆరో పని: తిండి విషయంలో ముందే తేల్చుకోండి

చేపలు తినేవారికి బెంగలేదు. కొబ్బరిపాలతో చేపను అరటాకు దొన్నెలో ఆవిరి మీద ఉడికించే అమోక్, వరి సేమియాలో ఆకుపచ్చటి చేపల పులుసు పోసి ఇచ్చే నోమ్ బాన్‌చోక్ తప్పక తినండి. ప్రహోక్ అనే ఊరబెట్టిన చేపల ముద్ద వాసన మొదట దూరం తరిమినా, ఖ్మేర్ వంటకు ప్రాణం అదే. కాంపోత్ మిరియాలు ఇంటికి తెచ్చుకోదగినవి.

శాకాహారులకు అసలు చిక్కు మాంసంతో కాదు, చేపల రసంతో. కూరల వేపుడులో కూడా అది పడుతుంది, పైగా దాన్ని మాంసమని ఎవరూ అనుకోరు. ‘మాంసం వద్దు’ అంటే సరిపోదు. ‘మాంసం, చేప, రొయ్య, చేపల రసం, ప్రహోక్ ఏదీ వద్దు’ అని ఖ్మేర్‌లో రాయించి ఫోనులో ఉంచుకోండి, హోటలు వారు సంతోషంగా రాసిస్తారు.  సియెం రీప్, నోంపెన్‌లలో భారతీయ భోజనశాలలు ఉన్నాయి. పల్లెల్లో తిరిగే రోజుకు మాత్రం మీ సంచిలో పులిహోర పొడో, అటుకులో ఉంచుకోండి.

దారిలో తాటిచెట్లు కనబడతాయి, వరి మళ్ల గట్ల మీద, మన గోదావరి జిల్లాల్లోలాగే. అది వాళ్ల జాతీయ వృక్షం. రోడ్డు పక్కన తాటి బెల్లం వండి, చిన్న చిన్న బిళ్లలుగా తాటాకులో చుట్టి అమ్ముతారు. వెదురు గొట్టంలో జిగురు బియ్యం, కొబ్బరిపాలు, బొబ్బర్లు కూరి కాల్చిన క్రలాన్ కూడా అక్కడే దొరుకుతుంది.

ఏడో పని: కాగితాలు, డబ్బు, జాగ్రత్తలు

పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు ఉండాలి. పర్యాటక ఈ-వీసా 30 రోజులకు ఇస్తారు, ఖర్చు సుమారు 30 డాలర్లు. అసలు సైటు చిరునామా చివర కంబోడియా ప్రభుత్వ గుర్తయిన ‘గవ్ డాట్ కేహెచ్’ ఉంటుంది. అచ్చు అలాగే కనిపించి రెట్టింపు గుంజే సైట్లు చాలా ఉన్నాయి. వీసాతో పాటు, దిగడానికి వారం రోజుల లోపు ఈ-అరైవల్ దరఖాస్తు నింపాలి, దానికి రుసుము లేదు.

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్, కౌలాలంపూర్, సింగపూర్‌ల మీదుగా విమానాలు కుదురుతాయి. పాత యాత్రా కథనాల్లో బ్యాంకాక్ నుంచి బస్సులో సరిహద్దు దాటే మార్గం కనిపిస్తుంది. 2025లో థాయ్‌లాండ్, కంబోడియా సేనల మధ్య పోరు జరిగి ఆ దారులు మూతపడ్డాయి. కాబట్టి భారత విదేశాంగ శాఖ తాజా సూచనలు చూడకుండా ఆ మార్గం మీద ఆశ పెట్టుకోకండి. సరిహద్దు మీద ఉన్న ప్రేయా విహియర్ గుడికి కూడా ఇదే వర్తిస్తుంది.

సియెం రీప్ కొత్త విమానాశ్రయం 2023లో మొదలైంది. ఊరికి 40 కిలోమీటర్ల పైనే ఉంది, బండి ముందే మాట్లాడుకోండి. రోజువారీ ఖర్చుకు డాలర్లు నడుస్తాయి. ఒక డాలరుకు సుమారు 4,000 రియెల్, చిల్లర రియెల్‌లో ఇస్తారు. అంచు చిరిగిన డాలరు నోటును ఎవరూ తీసుకోరు. హైదరాబాద్‌లో నోట్లు మార్చుకునేటప్పుడే ఒక్కొక్కటీ వెలుతురులో చూసి తీసుకోండి, ఒకటి, అయిదు డాలర్ల నోట్లు ఎక్కువగా అడగండి.

ఇంకో హెచ్చరిక, ఇది యాత్రికులకు కాకపోయినా మీ ఇంట్లో ఉద్యోగం వెతుక్కునే కుర్రవాళ్లకు చెప్పండి. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి కంబోడియా తీసుకెళ్లి, పాస్‌పోర్టు లాక్కుని, సైబర్ మోసాలు చేయించిన ముఠాల ఏజెంట్లను 2024లో విశాఖపట్నం పోలీసులు పట్టుకున్నారు. అక్కడ చిక్కుకున్నవారిలో ఉత్తరాంధ్ర యువకులు చాలామంది. పర్యాటక వీసా మీద వెళ్లి ఉద్యోగంలో చేరమనే ఏజెంటు మాట ఎవరు చెప్పినా నమ్మకండి.

చివరి పని: రోజులు పంచుకోండి

ఆంగ్కోర్ టికెట్ ఒక రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62, ఏడు రోజులకు 72. మూడు రోజుల టికెట్‌ను పది రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు, వరసగా వెళ్లనక్కర్లేదు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు, వయసు చూపడానికి పాస్‌పోర్టు ఉంచుకోండి. టికెట్ మీద మీ ఫొటో ముద్రిస్తారు, గుడి గుడికీ చూపించాలి. గుడుల వాకిట్లో అమ్మరు, ఊరి వైపు ఉన్న టికెట్ కేంద్రంలో గానీ వారి సొంత సైటులో గానీ కొనాలి.

ఒక రోజు టికెట్‌తో సరిపెట్టుకోకండి. చాలామంది మొదటి పొద్దునే ఆంగ్కోర్ వాట్ చూసేసి, తరవాత చూసినవన్నీ చిన్నగా ఉన్నాయని పెదవి విరుస్తారు. పాతదాని నుంచి కొత్తదానికి రండి. మొదటి రోజు రొలువోస్ దగ్గర 9వ శతాబ్దపు ప్రేయా కో, బాకాంగ్ చూసి, బాంతేయ్ శ్రేయ్‌కు వెళ్లండి. 967లో ప్రతిష్ఠ జరిగిన ఆ గులాబీ రాతి గుడిని కట్టించింది రాజు కాదు, యజ్ఞవరాహుడనే రాజగురువు. కైలాసాన్ని కదిలిస్తున్న రావణుడు, ఖాండవ దహనం, వాలి సుగ్రీవుల పోరు అక్కడ అరచేతి లోతున చెక్కి ఉన్నాయి. రెండో రోజు మొత్తం ఆంగ్కోర్ వాట్‌కే ఇవ్వండి. ఉదయం ఎనిమిది దాటాక సూర్యోదయం జనం ఫలహారానికి వెళ్లిపోతారు, గోడల దగ్గర కాస్త చోటు దొరుకుతుంది. పైఅంతస్తు బౌద్ధుల పవిత్ర దినాల్లో, అంటే నెలకు నాలుగు రోజులు మూసి ఉంటుంది, తేదీ చూసుకోండి. పన్నెండేళ్ల లోపు పిల్లలను పైకి పంపరు. మూడో రోజు బాయన్, తా ప్రోమ్, ఓపిక ఉంటే ప్రేయా ఖాన్.

మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు దాకా గదిలోనే ఉండండి. కో కెర్, కూలెన్ కొండలకు వేరే టికెట్లు, వాటికి ఒక రోజంతా కారు కావాలి. గుర్తింపు ఉన్న గైడ్లను ముందే మాట్లాడుకోవచ్చు. మాట్లాడుకునేటప్పుడు, మహాభారతం కథ మాకు తెలుసు, దాన్ని మీవాళ్లు ఎలా చెప్పుకుంటారో చెప్పండి అని అడగండి. లేకపోతే పాండవులు అయిదుగురు అన్న దగ్గర నుంచి మొదలుపెడతారు.